గూడ్సు పోయేదాకా

బిలాస్‌పూర్
22 ఫిబ్రవరి 2006, బుధవారం

చెల్లెమ్మ నీలవేణికి,

నిన్న ఉదయం పదకొండు గంటలకు రైల్వే ఆస్పత్రిలో నన్ను ఇంజనుకి పనికిరానని రాసేశారు.

ముఖ్యమైనది ముందు చెప్పేశాను. జీతానికి ఢోకా లేదు. వేరే పని ఇస్తారట, ఏ పనో ఇంకా తేల్చలేదు. మొన్న కట్నీ లైను మీద తెచ్చిన బొగ్గు బండే నా ఆఖరి బండి. అప్పటికి ఆ సంగతి తెలియదు. ఎప్పటిలాగే కర్గీ రోడ్‌లో పక్క లైనులో నిలబెట్టి, ఎక్స్‌ప్రెస్‌లన్నీ పోయాక వదిలారు. స్టేషన్ మాస్టర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆఖరిదని తెలిస్తే తిట్టేవాణ్ణి కాదేమో.

ఆస్పత్రి మెట్ల దగ్గర త్రినాథరావు ఎదురయ్యాడు. నాతోపాటు చేరినవాడే, నీకు తెలుసు. వాడికీ నిన్నే పరీక్ష. ఫిట్ ఇచ్చారు. "ఏటి గురూ, ఇంజను నువ్వు దిగిపోయావా, అదే నిన్ను దింపేసిందా?" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి తనూ మానేసి, సమోసాలు తినిపించి ఇంటిదాకా దిగబెట్టాడు.

మీ వదిన ఏడవలేదు. "ఇకనుంచైనా అన్నం వేడిగా తింటారు" అంది. నా టిఫిన్ డబ్బా కడిగి, ఆరబెట్టి, అటక మీదికి ఎక్కించేసింది.

నువ్వు ఢిల్లీ వెళ్ళిన పని ఏమైంది? టీవీ వాళ్ళు గొంతు పరీక్ష పెడతామన్నారు కదా. ఆఫీసువాళ్ళు సెలవిచ్చారా? జవాబు ఉత్తరంలో రాయి, ఫోన్ చెయ్యకు. మన క్వార్టర్‌లో టవర్ సరిగా అందదు. అరుచుకుంటూ చెప్పుకునే సంగతులు కావు మనవి. పైగా నీ మేనకోడలు తేజస్వికి తెలుగు అక్షరం ముక్క రాదు. నువ్వు కూడా రాయకపోతే ఈ ఇంట్లో తెలుగులో చదవడానికి పంచాంగం ఒక్కటే మిగులుతుంది.

బుధ్వారీ బజారుకి వెళ్ళాలి. సంచి పట్టుకుని మీ వదిన గుమ్మంలో నిలబడింది.

నీ అన్న
సింహాచలం


నోయిడా
5 మార్చి 2006

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. నాన్నకీ ఇదే జరిగింది కదా. సిగ్నల్ రంగులు తేడాగా కనిపిస్తున్నాయని దింపేశారు. ఆ తర్వాత ఆయన స్టేషన్ వైపు నడకకి కూడా వెళ్ళలేదు. మన కాలనీలో ఇంజనువాళ్ళు అన్‌ఫిట్ అయ్యారంటే కళ్ళే. శుక్లమా? అద్దాలు రాశారా? ఢిల్లీలో పెద్ద కంటి ఆస్పత్రి ఉంది. నువ్వు సరేనంటే నేను వెళ్ళి కనుక్కుంటాను.

ఇక నా సంగతి. నన్ను తీసుకున్నారు.

పరీక్ష ఇలా జరిగింది. చిన్న చీకటి గది. మధ్యలో గాజు గోడ. నా ముందు ఒక టీవీ, ఒక మైకు. పాత మహిళల కబడ్డీ మ్యాచి వేసి మాట్లాడమన్నారు. పదహారేళ్ళు రైల్వే జట్టుకి ఆడిన దాన్ని, ఒక పిల్ల కూతకి వెళ్తుంటే ఏం జరుగుతోందో చెప్పలేకపోయాను. అంతలో ఆ పిల్ల బోనస్ గీత దగ్గర ఎడమ కాలు వేయాల్సిన చోట కుడి కాలు వేసింది. "అరే పగలీ, బాయా పైర్!" అని అరిచేశాను. గాజు అవతల ప్రొడ్యూసర్ రోహన్ లేచి నిలబడ్డాడు. పాతికేళ్ళ కుర్రాడు. "మేడమ్, బస్, ఐసే హీ బోలియే" అన్నాడు, ఇలాగే మాట్లాడమని. అంతే, ఉద్యోగం వచ్చింది.

మన రైల్వే డీఆర్ఎం ఆఫీసువాళ్ళు జీతం లేని సెలవు ఇచ్చారు. ఈ ఏప్రిల్ ఒకటి నుంచి 2008 మార్చి 31 వరకు. ఆ గడువులోగా వచ్చి నా గుమాస్తా కుర్చీలో కూర్చోవాలి, లేదా రాజీనామా ఇవ్వాలి. మూడో దారి లేదన్నారు.

టీవీలో నన్ను వెతకకు. వ్యాఖ్యానం చెప్పేవాళ్ళని చూపించరు, గొంతే వస్తుంది. నీకు అదే నయం. కళ్ళకి శ్రమ పెట్టకుండా కుర్చీలో వాలి విను. నా కొత్త ఉద్యోగం నీ కోసమే పుట్టినట్టుంది.

నువ్వు వద్దన్నా ఫోన్ చేశాను. వదిన ఎత్తి "మీ అన్నయ్య డ్యూటీకి వెళ్ళారమ్మా" అంది. డ్యూటీయే లేదని నువ్వు రాశావు. మీ ఇద్దరూ ఒక మాట అనుకుని అబద్ధాలాడండి.

నీ
నీలవేణి


బిలాస్‌పూర్
2 మే 2006

నీలా,

కళ్ళ గురించి దిగులు పడకు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆస్పత్రులు వాకబు చెయ్యకు.

రన్నింగ్ రూములో వేశారు. బయటి ఊళ్ళ నుంచి బళ్ళు తెచ్చిన డ్రైవర్లు, గార్డులు తిరుగు బండి దాకా పడుకునే చోటు. దుప్పట్లు మార్పించడం, ఖాళీ మంచం చూపించడం, వంటవాణ్ణి కనిపెట్టుకుని ఉండటం నా పని. వచ్చినవాడు పడుకుంటాడు, లేచినవాడు వెళ్ళిపోతాడు. నాతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. నిశ్శబ్దంగా ఉండాలని గోడ మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. నన్ను చూసి వేసినట్టున్నారు.

నీ మ్యాచి చూశాను. తేజస్వి నా పక్కనే కూర్చుని ఏదో రాసుకుంటోంది. "ఈ అమ్మాయి కుడి చెయ్యి ఆడిస్తుంది, తాకేది మాత్రం ఎడమ కాలితో" అన్నావు. అన్నట్టే తాకింది. అది బాగుంది. మహారాష్ట్ర కెప్టెన్ పట్టుకి దూకే ముందు మడమ పైకి లేపుతోంది. అది నువ్వు చెప్పలేదు. చెప్పవలసింది.

మా వంటవాడు పక్కనున్న మస్తూరీ ఊరి మనిషి. నువ్వు నా చెల్లెలివని చెప్తే నమ్మడు. "టీవీవాలీ బహన్ హోతీ తో ఆప్ యహా చద్దర్ గింతే క్యా?" అంటాడు. అదీ నిజమే, టీవీలో చెల్లెలున్నవాడు ఇక్కడ దుప్పట్లెందుకు లెక్కపెడతాడు?

ఎండలు ముదిరాయి. ఆరుబయట మంచం వేసుకుంటున్నాను. వెనక యార్డు కూడా ఈమధ్య ప్రశాంతంగా ఉంటోంది. నిద్ర బాగా పడుతోంది.

మీ వదిన నన్నింకా డ్యూటీలోనే ఉంచుకుంటోంది. అలవాటు మానాలి కదా. ఫోన్ వద్దు, రాయి.

సింహాచలం


నోయిడా
9 అక్టోబర్ 2006

అన్నయ్యా,

ఒకటి అడుగుతాను, దాచకు. నా మీద కోపమా?

దసరాకి ఒక్కరోజు కోసం వచ్చాను. ఇంట్లో బాగానే ఉన్నావు. నా ఎదురుగా పీట వేసుకుని, నేను ఏం చెప్పినా నా మొహంలోకే చూస్తూ విన్నావు. నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. కానీ స్టేషన్లో నన్ను ఎక్కించి, బండి కదలకుండానే వెనక్కి తిరిగావు. గొడుగు ఇంట్లో మర్చిపోయానని తలుపు దగ్గర నిలబడి పిలిచాను. మళ్ళీ పిలిచాను. పక్క డబ్బాలోవాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూశారు. టీ అమ్మేవాడు కూడా నీకు చెయ్యి చూపించాడు. నువ్వు నడుచుకుంటూ వెళ్ళిపోయావు.

పర్మనెంటు ఉద్యోగం పక్కన పెట్టి ఇక్కడికి రావడం నీకు నచ్చలేదని నాకు తెలుసు. నోటితో అనవు. కాబట్టి వీపుతో అన్నావనుకున్నాను. నాగ్‌పూర్ దాటేదాకా పై బెర్తు మీదే పడుకున్నాను.

నేను ఊళ్ళు తిరుగుతున్నాననుకుంటున్నావు. లేదు. ఆట పాట్నాలో ఉంటే నేను నోయిడాలోనే ఉంటాను. అక్కడి బొమ్మ ఇక్కడి టీవీకి వస్తుంది, దాన్ని చూసి మాట్లాడతాను. నువ్వు చూసేదే నేనూ చూస్తాను. హెడ్‌ఫోన్‌లో జనం అరుపులు వినిపిస్తాయి, ఒక్కోసారి అదీ ఆగిపోతుంది. అప్పుడు అమ్మాయిలు నోళ్ళు తెరుస్తారు, మూస్తారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు, చప్పుడు ఉండదు. నాకు భయం వేస్తుంది. రోహన్ మాత్రం మాట్లాడుతూనే ఉండమని చెయ్యి తిప్పుతాడు.

మాట్లాడటమే నా పని. మైకు ఆపేశాక మళ్ళీ మైకు ముందు కూర్చునేదాకా నేను మాట్లాడేది పాలవాడితోనే. అతనితోనూ "ఆధా లీటర్" అన్నంతవరకే. మోకాలు విరిగి ఆట ఆగిపోయినప్పుడు కూడా ఇంత ఖాళీగా లేదు. అప్పుడు నువ్వు రోజూ ఆస్పత్రికి వచ్చేవాడివి.

జవాబు రాయి. కోపమైతే కోపమనే రాయి.

నీలవేణి


బిలాస్‌పూర్
20 అక్టోబర్ 2006

నీలా,

కోపం లేదు. బండి కదిలే వేళ వెనక్కి చూసేది గార్డు. డ్రైవరు ముందుకే చూస్తాడు. పాతికేళ్ళ అలవాటు స్టేషన్లో అడుగుపెడితే దానంతటదే వచ్చేస్తుంది. దానికి నువ్వు నాగ్‌పూర్ దాకా పడుకోవాలా?

గొడుగు తలుపు వెనక ఉంది. మీ వదిన వాడుకుంటోంది, ఇక నీకు దక్కదు.

పెద్ద టీవీ కొన్నాను. త్రినాథరావు వచ్చి చూసి, "సినిమా హాలు పెట్టావేటి, టిక్కెట్టెంత?" అన్నాడు. వాడి కూతురు పెళ్ళి కుదిరింది, లింగియాడీహ్‌లో ఇల్లు కూడా కడుతున్నాడు. వాడు ఫిట్ మనిషి.

ఒక్క సంగతి మీ రోహన్‌ని అడుగు. ఆట మధ్యలో ఎప్పుడైనా మాట్లాడేవాళ్ళ మొహం చూపిస్తే ఏం పోయింది? క్రికెట్‌లో చూపిస్తున్నారుగా. నిన్ను దగ్గరగా, మాట్లాడుతుండగా, కాసేపు చూపించమను. ఇంట్లో అందరికీ చూడాలని ఉంది.

చలి మొదలైంది. స్వెట్టర్ పంపుతున్నాం.

సింహాచలం


నోయిడా
20 జనవరి 2008

అన్నయ్యకు,

మళ్ళీ అడిగాను. రోహన్ నవ్వాడు. "మేడమ్, ఫేస్ కే లియే హమారే పాస్ ఔర్ లోగ్ హై" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఉన్న మాటే, మొహాలకి వేరేవాళ్ళు ఉన్నారు. ఇకమీద అడగను, నువ్వూ అడగకు.

ఇప్పుడు అసలు విషయం. మూడేళ్ళకి కాంట్రాక్టు ఇస్తామంటున్నారు. సంతకం పెట్టాలంటే రైల్వేకి రాజీనామా ఇచ్చేయాలి. మార్చి 31 నా సెలవుకి ఆఖరి రోజు. అది దాటితే అక్కడ కుర్చీ ఉండదు. ఇక్కడ మూడేళ్ళ తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పరు. నాకు ముప్పై ఎనిమిది. పెళ్ళి లేదు, మోకాలు లేదు. ఉన్నది గొంతు. అదైనా ఉందో లేదో నాకు తెలియడం లేదు.

ఇక్కడ ఎవరిని అడిగినా "బహుత్ బఢియా మేడమ్" అంటారు. కొత్త పిల్లలకీ అదే మాట, వెళ్ళగొట్టే రోజునా అదే మాట. నువ్వు ఊరికే బాగుందని అనవు. గుర్తుందా, తార్‌బహార్ గేటు పక్క మైదానం. నాకు పన్నెండేళ్ళు, నువ్వు కొత్తగా ఇంజను అసిస్టెంటువి. ఖాళీ గూడ్సు వచ్చేదాకా నిలబెట్టి, ఇంజను మైదానం ముందుకి రాగానే కూత ఎత్తమనేవాడివి. గార్డు డబ్బా పోయేదాకా ఆపకూడదు. నువ్వు అవతలి చివర నిలబడేవాడివి. అంత మోతలోనూ నా ఊపిరి ఎక్కడ తెగిందో పట్టేసి "పోయింది!" అని చెయ్యి ఎత్తేవాడివి. దొంగ ఊపిరి తీస్తే ఒక్కసారి కూడా తప్పించుకోలేదు. గూడ్సు పోయేదాకా నిలిచిన రోజున మాత్రం "ఊఁ" అన్నావు. అంతకన్నా పెద్ద మెప్పు నాకు ఏ కప్పుతోనూ రాలేదు.

ఫిబ్రవరి 24, ఆదివారం, ఫైనల్. రైల్వేస్, హర్యానా. మొదటి నుంచి చివరిదాకా విను. నిలిచిందో పోయిందో రాయి. నిలిచిందంటే రాజీనామా ఇచ్చేస్తాను. పోయిందంటే వచ్చేస్తాను. నీ మాటే ఆఖరు.

వదినకి, తేజస్వికి నా ప్రేమ.

నీ
నీలవేణి


బిలాస్‌పూర్
26 ఫిబ్రవరి 2008

నీలా,

ఆదివారం ఫైనల్ పూర్తిగా చూశాను. మీ వదిన పేరంటానికి వెళ్ళింది. తేజస్వి పరీక్ష రాయడానికి శనివారమే రాయ్‌పూర్ వెళ్ళింది. ఒక్కణ్ణే, అడ్డు లేకుండా చూశాను.

నువ్వు బాగా చెప్పావు. మొదటి నుంచి చివరిదాకా గొంతు తగ్గలేదు. హర్యానా పిల్ల ముగ్గుర్ని తాకి వచ్చినప్పుడు జనమంతా లేచి నిలబడ్డారు, అప్పుడు కూడా నువ్వు తడబడలేదు. ఆఖరి నిమిషంలో స్కోరు సమానమైనప్పుడు నీ గొంతు వింటే నాకు పాత రోజులు గుర్తొచ్చాయి.

నిలిచింది. రాజీనామా ఇచ్చెయ్.

ఇంట్లో అందరం క్షేమం.

సింహాచలం


నోయిడా
5 మార్చి 2008

సింహాచలం అన్నయ్యకు,

24వ తేదీ ఫైనల్‌కి నేను మాట్లాడలేదు.

22 నుంచి జ్వరం, గొంతు వాచింది. వారం రోజులు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. నా బదులు లక్నో నుంచి ఒక వార్తలు చదివే అమ్మాయిని తెచ్చారు, పక్కన ఒక సీరియల్ నటుణ్ణి కూర్చోబెట్టారు. ఆ అమ్మాయికి బోనస్ గీత ఏదో తెలియదు. ముగ్గుర్ని తాకి వచ్చినప్పుడు "వావ్, క్యా బాత్ హై" అంది. నా గదిలో మంచం మీద కూర్చుని విన్నాను. నువ్వు విని ఉంటే మొదటి మాటకే తెలిసేది, ఆ గొంతు నాది కాదని.

పాలవాడు కూడా కనిపెట్టాడు. "దీదీ, కల్ ఆప్ నహీ థీ" అన్నాడు, నిన్న చెప్పింది నేను కాదని.

నువ్వు వినలేదు. స్కోరు పేపర్లో చూసి ఉంటావు. లేదా టీవీ పెట్టి నిద్రపోయి ఉంటావు. అది తప్పు కాదు, రాత్రి డ్యూటీలు చేసిన మనిషివి. కానీ నా ఉద్యోగం తేల్చే మాట రాయమంటే, వినకుండా "నిలిచింది" అని రాశావు. రెండేళ్ళుగా రాసినవన్నీ ఇలాంటివేనా? ఇక్కడివాళ్ళు కనీసం హిందీలో అబద్ధం ఆడతారు. నువ్వు మన భాషలో ఆడావు.

రాజీనామా కాగితం రాసి పెట్టుకున్నాను. పంపలేదు, చింపలేదు. ఇక ఎవరిని అడగాలో తెలియదు.

నీలవేణి


నోయిడా
12 మార్చి 2008

అన్నయ్యా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను.

నిన్న స్టూడియోలో హెడ్‌ఫోన్ పోయింది. బొమ్మ వస్తోంది, చప్పుడు లేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. మ్యాచి అయ్యాక రోహన్ వచ్చి, "మేడమ్, సౌండ్ నహీ థా, ఫిర్ భీ కిసీకో పతా నహీ చలా" అన్నాడు. చప్పుడు లేకపోయినా ఎవరూ కనిపెట్టలేదట. గదికి వచ్చి నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకున్నాను.

యార్డు ప్రశాంతంగా ఉంటోందని రాశావు. బిలాస్‌పూర్ యార్డు! మన క్వార్టర్ వెనక రాత్రంతా డబ్బాలు కొట్టుకుంటూనే ఉంటాయి. నాన్న పోయిన రోజున కూడా అది ఆగలేదు. ఇంజను మీద బతికినవాడెవడూ ఆ మాట రాయడు.

నేను అన్న మాటలు నువ్వు ఉన్నదున్నట్టు రాసిన ప్రతిసారీ తేజస్వి పక్కన కూర్చుని ఏదో రాస్తోంది. ఫైనల్ రోజు తేజస్వి లేదు.

దసరాకి ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూశావు. స్టేషన్లో వెనక నుంచి పిలిస్తే తిరగలేదు. ఫోన్ ఒక్కసారి కూడా ఎత్తలేదు. మొహం చూపించమని రోహన్‌ని అడగమన్నావు. కళ్ళు బాగానే ఉన్నాయని, నమ్మమని, నువ్వే రాశావు. నమ్మలేదు. నాన్నవి కళ్ళు కాబట్టి నీవీ కళ్ళే అనుకున్నాను.

ఒక్క ముక్క రాయి. చెవులా?

నీలా


(పోస్టు కార్డు)
బిలాస్‌పూర్
17 మార్చి 2008

చెవులు. రెండూ.

రాజీనామా పంపావా? పంపకపోతే ఆగు. ఉత్తరం రాస్తున్నాను.

సింహాచలం


బిలాస్‌పూర్
18 మార్చి 2008

నీలా,

ఆ రోజు ఆస్పత్రిలో డాక్టరు నా వెనక నిలబడి మాట్లాడాడు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి గట్టెక్కేవాణ్ణి. వెనక నిలబడటం కొత్త రూలట. ఆయన ఏం అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కాసేపటికి తిరిగి చూస్తే కాగితం మీద రాస్తున్నాడు.

ముందు గోడ గడియారం పోయింది. తర్వాత కుక్కర్ విజిల్. తర్వాత మీ వదిన వంటింట్లోంచి పిలిచే పిలుపు. "పెళ్ళాం పిలిస్తే పలకని రోగం" అని చాలాకాలం తిట్టింది పాపం. ఇంజను హారన్ చివరిదాకా వినిపించింది. అది వినిపించడమో, కాళ్ళ కింద ఇంజను అదిరితే వినిపించినట్టు ఉండటమో, ఇప్పుడు చెప్పలేను. సిగ్నల్ రంగు అసిస్టెంటు బిగ్గరగా చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి. వాడి పెదాలు చూసి చెప్పేవాణ్ణి. పొగమంచులో వాడు నావైపు తిరగకపోతే భుజం పట్టి తిప్పుకునేవాణ్ణి. దింపేసి మంచిపనే చేశారు.

నీకు ఎందుకు రాయలేదంటే, నీ కొత్త ఉద్యోగం నా కోసమే పుట్టిందని నువ్వు రాశావు. దాని మీద జవాబు రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నా చెయ్యి సాగలేదు. కళ్ళు బాగున్నాయని మాత్రం రాశాను. అది నిజమే కదా.

నువ్వు చెప్పేది తేజస్వి హిందీలో రాసి చూపిస్తుంది. ఆ రోజు అది లేదు. తెర మీద నీ పేరు వేస్తారేమోనని చూశాను, వెయ్యలేదు. నువ్వే అనుకున్నాను. నువ్వు కాకపోవచ్చన్న ఆలోచనే రాలేదు.

"నిలిచింది" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గొంతు సంగతి నేను చెప్పలేను. మాట సంగతి చెప్పగలను. రెండేళ్ళ నుంచి చప్పుడు లేని ఆట చూస్తున్నాను. తేజస్వి రాసి చూపించేలోపు సగం నాకు కనిపించేసేవే. ఫలానా పిల్ల వెళ్ళింది, తాకింది, వచ్చింది. అవి నాకెందుకు? నాకు కనిపించనిది నువ్వు కొన్నిసార్లు చెప్పావు. ఫలానా పిల్ల చీలమండకి పట్టీ ఉంది, ఎడమకి తిరగదు అన్నావు. అది తిరగక దొరికిపోయింది. ఆ కాగితాలు దాచాను. మిగతావి మీ వదిన పొయ్యిలోకి వాడింది. దాచినవి ఎక్కువే, కానీ ఈ ఏడాదివి తక్కువ. ఈ ఏడాది నువ్వు నిన్ను ఉంచుకోవడానికి మాట్లాడుతున్నావు.

నీకు కోపం వస్తే రానీ. "పోయింది" అన్నప్పుడల్లా నీకు కోపమే వచ్చేది.

త్రినాథరావు నాతో మాట్లాడటం తగ్గించాడు. చేతులు తిప్పి చెప్పడానికి విసుగట. రన్నింగ్ రూములో పడుకున్నవాళ్ళని చూస్తూ కూర్చుంటాను. ఒక్కొక్కడు నిద్రలో నోరు కదుపుతాడు. ఏమంటున్నాడో చదవడానికి ప్రయత్నిస్తాను.

ఇప్పుడు వెతికి చూస్తే, మీ వదిన గొంతు సరిగ్గా గుర్తు రావటం లేదు. నీ కూత గుర్తుంది. పన్నెండేళ్ళప్పటిది.

మార్చి 31 దగ్గర పడింది. నా మాట మీద ఏదీ చెయ్యకు.

సింహాచలం


నోయిడా
23 మార్చి 2008, ఆదివారం

అన్నయ్యకు,

కార్డు, ఉత్తరం కలిసే వచ్చాయి. నిన్న హోలీ. కింద వీధిలో అందరూ రంగులు ఆడుకున్నారు, నేను తలుపు వేసుకుని చదువుకున్నాను.

ఈ ఏడాది నన్ను ఉంచుకోవడానికి మాట్లాడుతున్నానని రాశావు. కోపం వచ్చింది. సాయంత్రం స్టూడియోకి వెళ్ళి ఈ జనవరి మ్యాచి ఒకటి వేయించుకుని, నా గొంతు నేనే విన్నాను. తాకింది, వచ్చింది, క్యా బాత్ హై. అదీ నేనే అంటున్నాను.

వచ్చే ఆదివారం, మార్చి 30, సాయంత్రం అయిదింటికి ఆ ఫైనల్ మళ్ళీ వేస్తున్నారు. రైల్వేస్, హర్యానా. నువ్వు మెచ్చుకున్నదీ, నేను చెప్పనిదీ.

శనివారం తెల్లవారుజామున నిజాముద్దీన్‌లో ఛత్తీస్‌గఢ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. ఆదివారం పొద్దున్నకి బిలాస్‌పూర్ వస్తుంది. ఆలస్యమైనా మధ్యాహ్నం దాటదు. స్టేషన్‌కి వస్తే ప్లాట్‌ఫారం మీద నాకు ఎదురుగా నిలబడు. నేను వెనక నుంచి పిలవను.

నీ పెద్ద టీవీకి పక్కన నాకు పీట వెయ్యమను, మొహం నీ వైపు ఉండేలా. దీపం వేసి ఉంచాలి. నేను తెరని పక్క చూపుతో చూసుకుంటాను, అలవాటే. సౌండు పూర్తిగా తీసేయమని తేజస్వికి చెప్పు. కాగితం, పెన్సిలు దానికి ఇవ్వొద్దు. వదినని పేరంటాలకి పంపొద్దు.

మొదటి కూత నుంచి ఆఖరి కూత దాకా తెలుగులో చెప్తాను. నీకు కనిపించేది చెప్తే చెయ్యి ఎత్తు. చుట్టాన్ని కదా అని ఎత్తకుండా ఉండకు.

సంచిలో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి రాజీనామా, ఒకటి డ్యూటీలో చేరుతున్నానన్న అర్జీ. రెండిటి మీదా సంతకం పెట్టలేదు. సోమవారం పది గంటలకి డీఆర్ఎం ఆఫీసు తెరుస్తారు.

నీలవేణి